సీజర్ సలాడ్ వెజ్జే కదా అనుకుని తినేస్తున్నారా?

"అక్కా, నిన్న టీమ్ లంచ్‌లో మెనూ నిండా చికెన్, బీఫే కనబడ్డాయి, సలాడ్ అని ఉంది కదా అని సీజర్ సలాడ్ చెప్పాను, అది వెజ్జే కదా?" కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక అబ్బాయి పోయిన వారం నన్ను అడిగిన మాట ఇది. ఏటా ముగ్గురు నలుగురైనా ఇదే అడుగుతారు, అదీ తిన్న తర్వాత, అందుకే తినకముందే చదువుకునేలా ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందు జవాబు చెప్పేస్తాను. కాదు, వెజ్ కాదు. పద్ధతిగా చేసిన సీజర్ సలాడ్‌లో పచ్చి గుడ్డు సొన ఉంటుంది, ఆంకోవీ అనే చిన్న చేప నేరుగానో సాస్ రూపంలోనో ఉంటుంది, పైన తురిమే అసలైన పార్మెజాన్ చీజ్ కోసం పాలని దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ అనే ఎంజైమ్‌తో విరగ్గొడతారు. చికెన్ ముక్కలు తీసేసి ఇమ్మన్నంత మాత్రాన అది వెజ్ అయిపోదు. గుడ్డు, చేప తినేవాళ్లకి ఇబ్బందేమీ లేదు, హాయిగా తినొచ్చు, కానీ వాళ్లు కూడా పూర్తిగా చదవండి, ఎందుకంటే ఇక్కడ అమెరికాలో సీజర్ పేరుతో పళ్లెంలో పెట్టేవాటిలో సగానికి ఆ పేరు పెట్టకూడదని నా అభిప్రాయం.

నాకిది తెలిసిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మా అమ్మ మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు ఒక రెస్టారెంట్‌కి తీసుకెళ్లాను. అమ్మ బుద్ధెరిగినప్పటి నుంచి గుడ్డు కూడా ముట్టని మనిషి. నేను వెయిటర్‌ని "మీట్ ఏమీ లేదు కదా?" అని అడిగాను, అతను లేదన్నాడు. అమ్మకి బాగా నచ్చింది, "ఆకులు కరకరలాడుతున్నాయే, పులుపు కూడా సరిపోయింది" అంటూ సగం పైనే తింది. అడుగున ఒక ఆకు మడతలో చిటికెన వేలి గోరంత గోధుమరంగు ముక్క కనబడితే చింతపండు పీచేమో అనుకుని ఫోర్కుతో పక్కకి తీసింది. దానికి ఒకవైపు సన్నటి వెండి చర్మం మెరిసింది. అమ్మ ఒక్క మాట అనలేదు. ఫోర్కు పెట్టేసి, నీళ్లు తాగి, బాత్రూమ్‌కి వెళ్లి చాలాసేపటి దాకా రాలేదు. ఆ రోజు వెయిటర్ అబద్ధం చెప్పలేదు, ఇక్కడ చాలామందికి మీట్ అంటే చేప లెక్కలోకి రాదు, గుడ్డు అసలే రాదు. నేనే అడగాల్సిన ప్రశ్న అడగలేదు. మీరు ఇంకొకరిని, ముఖ్యంగా ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లని, ఆ స్థితిలోకి నెట్టకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇంతకీ ఈ సలాడ్‌కీ రోమ్‌ని ఏలిన జూలియస్ సీజర్‌కీ ఏ సంబంధమూ లేదు, ఇది పుట్టింది ఇటలీలో కూడా కాదు. నేనుండే శాన్ డియాగో నుంచి సరిహద్దు దాటితే వచ్చే మెక్సికో ఊరు తిహువానాలో పుట్టింది. సీజర్ కార్డీనీ అనే ఆయన ఇటలీ నుంచి వలస వచ్చి, శాన్ డియాగోలో కాపురం ఉంటూ తిహువానాలో రెస్టారెంట్ నడిపేవాడు. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం కదా, తాగాలనుకున్న జనం సరిహద్దు దాటి అక్కడికి పోయేవాళ్లు. 1924 జూలై 4న సెలవు రోజు జనం విరగబడి వచ్చి వంటింట్లో సరుకులు నిండుకున్నాయని, అప్పుడు ఉన్నవాటితోనే ఆయన దీన్ని కలిపి పెట్టాడని కూతురు రోసా చెప్పిన కథ. ఆ మొదటి రూపంలో రొమైన్ అనే పొడుగాటి లెట్యూస్ ఆకులు, వెల్లుల్లి వాసన పట్టిన నూనె, ఒక్క నిమిషం మాత్రం వేడినీళ్లలో ఉంచిన గుడ్డు, నిమ్మరసం, వూస్టర్‌షర్ సాస్, పార్మెజాన్, వేయించిన బ్రెడ్ ముక్కలు, ఉప్పు, మిరియాలు, అంతే. ఆకులు కోసేవాళ్లు కాదు, పొడుగు ఆకుని ఈనె దగ్గర పట్టుకుని చేత్తో తినేవాళ్లు. తర్వాత పెద్ద వంటల నిపుణురాలైన జూలియా చైల్డ్ చిన్నప్పుడు తల్లిదండ్రులతో అక్కడికి వెళ్లి తిన్నానని చెప్పుకునేది.

చూశారుగా, ఆ జాబితాలో ఆంకోవీ ముక్కలు లేవు. ఆ చేప రుచి వూస్టర్‌షర్ సాస్ లోంచి వచ్చేది. ఇంగ్లండ్ నుంచి వచ్చే ఈ సాస్‌లో వెనిగర్, బెల్లపు పాకంలాంటి మొలాసిస్, ఆంకోవీలు, ఉల్లి, వెల్లుల్లి, అన్నిటికీ మించి మన చింతపండు ఉంటాయి. సీసా తిప్పి చదవండి, కనబడుతుంది. సీజర్ సోదరుడు అలెక్స్ ఆంకోవీలు నేరుగా వేసి వేరే రకం చేశాడు, ఆయన పైలట్ కావడంతో దాన్ని ఏవియేటర్స్ సలాడ్ అనేవాళ్లు. కాబట్టి ఆంకోవీ ఉంటేనే అసలైనదని ఒకరు, లేకుంటేనే అసలైనదని ఇంకొకరు వాదించుకుంటారు. నా మటుకు నాకు రెండూ సరైనవే. ఆకు తాజాగా ఉందా, డ్రెస్సింగ్, అంటే ఆకులకి పట్టించే సాస్, అప్పటికప్పుడు కలిపారా లేదా, ఈ రెండిటి దగ్గరే తేడా తేలిపోతుంది.

తిహువానాలో రెవల్యూషన్ అవెన్యూ మీద సీజర్స్ రెస్టారెంట్ ఇప్పటికీ ఉంది, నేను రెండుసార్లు వెళ్లాను. ఒక పెద్ద చెక్క గిన్నెని బండి మీద పెట్టుకుని మన టేబుల్ దగ్గరికే వస్తారు. ఆంకోవీ, వెల్లుల్లి, ఆవపిండి ముద్దలాంటి డిజాన్ మస్టర్డ్ గిన్నెలోనే మెదిపి, సొన వేసి, నిమ్మకాయ పిండి, నూనె సన్నటి ధారగా పోస్తూ ఆపకుండా కలుపుతుంటే, మన కళ్ల ముందే నీళ్లగా ఉన్నది లేత బంగారు రంగులోకి తిరిగి గరిటెకి పట్టుకుంటుంది. అప్పుడు ఆకుల్ని ఒక్కొక్కటిగా అందులో పొర్లిస్తారు. అక్కడ పిండే నిమ్మకాయ అమెరికా దుకాణాల్లో దొరికే పసుపుపచ్చ లెమన్ కాదు, చిన్న ఆకుపచ్చ కాయ. అంటే మన నిమ్మకాయే, ఇక్కడ కీ లైమ్ అనీ మెక్సికన్ లైమ్ అనీ అమ్ముతారు. నోట్లో పెట్టుకోగానే నాకు మన ఇంటి పులుపే తగిలింది.

చూసి రావాలనిపిస్తే ఒక మాట. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా పాస్‌పోర్టులో ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు. అయితే తిరిగి రావడమే అసలు సంగతి. ఎఫ్-1 (విద్యార్థి వీసా) వాళ్లు ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద ప్రయాణ సంతకం, హెచ్-1బి (ఉద్యోగ వీసా) వాళ్లు వీసా స్టాంపు తేదీ, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) చూసుకోకుండా సరిహద్దు దాటకండి. స్టాంపు అయిపోయి ఉంటే ముందు యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసునో, కంపెనీ లాయర్‌నో అడగండి, సలాడ్ ఎక్కడికీ పోదు.

ఇక మామూలు రెస్టారెంట్ల సంగతి. చాలాచోట్ల డ్రెస్సింగ్ సీసాలోంచి వస్తుంది, సోయా నూనె, పంచదార, చిక్కబడటానికి గమ్, చూడ్డానికి తెల్లగా మయోనీస్‌లా ఉంటుంది. మంచి సీజర్‌ని గుర్తుపట్టడం తేలికే, డ్రెస్సింగ్ ఆకుకి పలచగా పూతలా పట్టి ఉంటుంది, గిన్నె అడుగున మడుగు కట్టదు. తీపి తగిలిందంటే సీసా సరుకే. టమాటా, కీరా, మొక్కజొన్న గింజలు కనబడితే అది మంచి సలాడ్ కావచ్చేమో కానీ సీజర్ మాత్రం కాదు. కేల్ ఆకుతో చేసేవాళ్లున్నారు, అది మొరటు ఆకు కాబట్టి డ్రెస్సింగ్ వేసి బాగా పిసికితేనే బాగుంటుంది. గ్రిల్ చేసిన చికెన్ తర్వాత వచ్చి చేరింది, మధ్యాహ్నం భోజనానికి బదులుగా తినేవాళ్లకి అది సరిపోతుంది, నాకేం అభ్యంతరం లేదు.

కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా వెళ్లినవాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. అక్కడ సీజర్ సలాడ్‌లో బేకన్, అంటే పంది మాంసం ముక్కలు, వేయడం చాలా మామూలు. మెనూలో రాసి ఉంటేనే వస్తుందనుకోకండి, బేకన్ వద్దని నోరు తెరిచి చెప్పండి. కెనడాలో అయితే ఉత్తి "సీజర్" అంటే సలాడ్ కాదు, వోడ్కా, టమాటా రసం, క్లామ్ అనే ఆలిచిప్పల రసం కలిపిన మందు. 1969లో కాల్గరీలో మొదలైంది. కాబట్టి అక్కడ సలాడ్ అన్న మాట కూడా కలిపి చెప్పండి.

అడిగేటప్పుడు "వెజిటేరియనా?" అని అడిగి వదిలేయకండి. డ్రెస్సింగ్‌లో ఆంకోవీ ఉందా, వూస్టర్‌షర్ సాస్ ఉందా, గుడ్డు ఉందా అని విడివిడిగా పేర్లు పెట్టి అడగండి, వెయిటర్‌కి తెలియకపోతే వంటింట్లో కనుక్కుని రమ్మనండి, ఇక్కడ అలా అడగడం ఎవరూ తప్పుగా తీసుకోరు, మొహమాటపడితే నష్టపోయేది మనమే. అసలు ఏదీ తేలకపోతే డ్రెస్సింగ్ మానేసి ఆలివ్ నూనె, నిమ్మ ముక్క ఇమ్మనండి. దుకాణంలో కొనే డబ్బాలు, సలాడ్ కిట్లతో ఈ బాధ తక్కువ. అమెరికాలో పాలు, గుడ్డు, చేప, గోధుమ, సోయాలాంటివి ఉంటే లేబుల్ మీద తప్పనిసరిగా రాయాలి, చేప అయితే ఏ చేపో కూడా చెప్పాలి. బ్రిటన్‌లో అయితే 14 రకాల అలెర్జీ పదార్థాల వివరం రెస్టారెంట్ వాళ్లు కూడా మీకు ఇవ్వాల్సిందే. రెన్నెట్ మాత్రం ఈ లెక్కల్లో రాదు. చీజ్ మీద "ఎంజైమ్స్" అని మాత్రమే ఉంటే అది దూడదా కాదా తెలియదు, "వెజిటేరియన్ రెన్నెట్" అనో "మైక్రోబియల్" (సూక్ష్మజీవులతో చేసినది) అనో రాసి ఉన్నదే తీసుకోండి. పార్మిజానో రెజ్జానో అనే పేరుతో ఇటలీ నుంచి వచ్చే అసలైన పార్మెజాన్ ఎంత ఖరీదైనా శాకాహారులకి పనికిరాదు, దాన్ని దూడ రెన్నెట్‌తోనే చేయాలన్నది అక్కడి నియమం.

కడుపుతో ఉన్నవాళ్లు, చిన్నపిల్లలు, పెద్దవాళ్లు పచ్చి గుడ్డు ఉన్నది తినకండి. ఒక్క నిమిషం వేడినీళ్లకి గుడ్డులో ఉండగల సాల్మొనెల్లా అనే క్రిమి చావదు. ఇంట్లో చేసుకునేటప్పుడు పాశ్చరైజ్ చేసిన గుడ్లు కొనండి. ఆకు విషయంలోనూ అజాగ్రత్త వద్దు, 2018లో అరిజోనాలోని యూమా ప్రాంతం రొమైన్ వల్ల ఈ.కోలై సోకి 210 మంది జబ్బుపడ్డారు, 5 గురు చనిపోయారు. కడిగినంత మాత్రాన ఆ క్రిమి పూర్తిగా పోదు, రీకాల్, అంటే సరుకు వెనక్కి తీసుకుంటున్నారన్న వార్త వస్తే ఇంట్లో ఉన్న ఆకు చెత్తబుట్టలో వేసేయండి.

నిజానికి ఇంట్లో చేసుకుంటే, ఆకు ఫ్రిజ్‌లో ఉండే గంట పక్కన పెడితే, 20 నిమిషాల పని. నలుగురికి రెండు రొమైన్ గుత్తులు చాలు. ఆకులు కడిగి, తడి బొత్తిగా లేకుండా ఆరబెట్టి, గుడ్డలో చుట్టి గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టండి, ఈ ఒక్క మెట్టు దాటవేస్తే మిగతాదంతా వృథా, తడి ఆకుకి డ్రెస్సింగ్ పట్టదు. రెండు మూడు ఆంకోవీలు, ఒక వెల్లుల్లి రెబ్బ, చిటికెడు ఉప్పు రోట్లో మెత్తగా నూరండి. అందులో ఒక పచ్చసొన, ఒక చెంచా డిజాన్ మస్టర్డ్, ఒక చెంచా వూస్టర్‌షర్, ఒక నిమ్మకాయ రసం కలిపి, అరకప్పుకి కొంచెం తక్కువగా నూనె తీసుకుని మొదట చుక్కచుక్కగా, చిక్కబడ్డాక సన్నధారగా పోస్తూ గిలక్కొట్టండి. తొందరపడి ఒకేసారి పోస్తే నూనె విడిపోతుంది. విడిపోతే పారేయక్కర్లేదు, వేరే గిన్నెలో ఇంకో సొన వేసి ఈ విరిగినదాన్ని దాంట్లోకి మెల్లగా కలపండి, మళ్లీ కుదురుకుంటుంది. చివర్లో గుప్పెడు చీజ్ తురుము, దంచిన మిరియాలు.

అమ్మ కోసం నేను చేసేది వేరు. సొనకి బదులు గుడ్డలో కట్టి నీళ్లు ఓడ్చిన గడ్డపెరుగు, ఆంకోవీకి బదులు ఉప్పునీళ్లలో ఊరిన కేపర్లు అనే పూమొగ్గలు ఒక చెంచాడు నూరి, వూస్టర్‌షర్‌కి బదులు చిక్కటి చింతపండు గుజ్జు అరచెంచా, కాస్త సోయా సాస్, గోరంత బెల్లం. ఆ సాస్‌లో అసలు ఉన్న పులుపే అది కాబట్టి రుచి ఎక్కడా అరువు తెచ్చుకున్నట్టు ఉండదు. రెండోసారి వచ్చినప్పుడు చేసిపెడితే, సీసాలు, డబ్బాలు అన్నీ అమ్మ ముందే పెట్టి లేబుళ్లు చదివి వినిపించాను. నిన్నటి బ్రెడ్‌ని వెల్లుల్లి నూనెలో తనే వేయించింది, ఫోర్కు పక్కకి నెట్టేసి ఆకు ఈనె పట్టుకుని తింది, తిహువానాలో తిన్నట్టే.

పెరుగుతో చేసినది ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటుంది. పచ్చి గుడ్డు వేసినది మాత్రం ఆ పూటకే అయిపోవాలి, మర్నాడు లంచ్ బాక్స్‌లో పెట్టకండి.