బ్రూనోతో ఆదివారం ఎక్కడికి పోవాలంటే

చి. మాధవికి పెద్దనాయన ఆశీస్సులు.

మీ కుక్క బ్రూనోను ఆదివారం పూట ఎక్కడికి పిలుచుకుపోతే బాగుంటుందని అడిగినావు. కర్నూలు చుట్టూ చోట్లకు కొదవ లేదు, అన్నీ చెప్తా. ముందు ఒక సంగతి మనసులో పెట్టుకో. మనకు షికారంటే కంటికి కనబడేది: బురుజు, నది, కొండ. కుక్కకు షికారంటే వాసన. కొండారెడ్డి బురుజు దగ్గర జనంలో, హారన్ల మధ్య అరగంట లాక్కుంటూ తిప్పితే అది అలిసిపోతుంది గానీ సంతోషపడదు. అదే ఒక చేని గెనిమ మీద నలభై నిమిషాలు మూతి నేలకానించి దాని ఇష్టానికి నడవనిస్తే, ఇంటికొచ్చి కాళ్లు బారజాపి సాయంత్రం దాకా కదలదు. కాబట్టి పేరున్న చోటు వెతకొద్దు. కాళ్ల కింద మట్టి ఉందా, నీడ ఉందా, వాసన చూడటానికి గడ్డీ గాదం ఉందా, వీధికుక్కల గుంపు లేదు కదా అని చూడు. ఈ నాలుగూ కుదిరితే అదే మంచి చోటు.

ఇంక మన ఎండ. మార్చి నుంచి వానలు పడేదాకా పొద్దున ఆరున్నరకల్లా ఇల్లు చేరుకోవాలి. సాయంత్రం పొద్దుగూకగానే బయల్దేరొద్దు, తారురోడ్డు వేడి వదలడానికి ఇంకో గంటన్నర, రెండు గంటలు పడుతుంది. చేతి వెనక భాగాన్ని రోడ్డుకు ఆనించి ఏడు దాకా లెక్కపెట్టు. మధ్యలోనే చెయ్యి తీసెయ్యాలనిపిస్తే దాని పాదాలు కాలుతాయన్నమాట. నాపరాళ్లు, కడప బండలు పరిచిన చోట కూడా ఇట్లే చూడు, నల్లబండ ఎండను పట్టి ఉంచుకుంటుంది. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి ఒగరుస్తేనే దాని వేడి దిగుతుంది, ఆ పని కూడా గాలి చల్లగా ఉన్నప్పుడే సరిగ్గా జరుగుతుంది. ఎండాకాలమని బ్రూనో బొచ్చు గొరిగించొద్దు. లాబ్రడార్‌కు ఉండే రెండు పొరల బొచ్చు ఎండను కూడా ఆపుతుంది. పక్కింటివాళ్ల పగ్‌ను కూడా వెంట తెస్తామంటే ఎండాకాలంలో మాత్రం ఒప్పుకోవద్దు. ముక్కు చప్పిడి కుక్కలకు ఒగర్చడమే కష్టం.

వడదెబ్బ తగిలే ముందు గుర్తులు కనబడతాయి. నాలుక వెడల్పై పక్కకు వేలాడుతుంది, చొల్లు చిక్కగా తీగలు సాగుతుంది, చిగుళ్లు ఇటుకరాయి రంగుకు తిరుగుతాయి, నడక తూలుతుంది, కొన్నిసార్లు వాంతి చేసుకుంటుంది. కుక్క ఒంటివేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. 104 దాటితే ప్రమాదం మొదలు, 106 అయితే ప్రాణం మీదికి వచ్చినట్టే. వెంటనే నీడకు చేర్చి ఒళ్లంతా తడిసేట్టు చల్లటి నీళ్లు పొయ్యి, పొట్ట కిందా తొడల సందులా బాగా తడపాలి. అట్టతోనో టవలుతోనో గాలి విసురు. తడిగుడ్డ కప్పి అట్లే వదిలేస్తారు కొందరు, అది తప్పు. గుడ్డ కాసేపట్లో వేడెక్కి ఆవిరిని లోపలే ఆపేస్తుంది. నీళ్లు గొంతులో పొయ్యొద్దు, అదే నాకితే కొంచెం కొంచెం తాపు. తేరుకున్నట్టు కనబడినా డాక్టరు దగ్గరికి పోవాల్సిందే, లోపలి అవయవాలు దెబ్బతిన్న సంగతి ఒక రోజు ఆలస్యంగా తెలుస్తుంది.

ఇప్పుడు చోట్లు. వారంలో మూడు నాలుగు రోజులకు కేసీ కెనాల్, అంటే కర్నూలు-కడప కాలువ, గట్టు చాలు. ఊరి మధ్య ఉన్న ముక్క వద్దు, అక్కడ కోడి ఎముకలు, గాజుపెంకులు, చెత్త. ఊరు దాటి చేలు మొదలయ్యే దగ్గర బండి ఆపి గట్టెక్కు. కాలువకు నీళ్లు వదిలిన రోజుల్లో తాడు చేతిలోంచి జారనివ్వొద్దు. లైనింగ్ చేసిన చోట రెండు పక్కలా ఏటవాలు సిమెంటు, దాని మీద పాచి. లాబ్రడార్ నీళ్లు చూస్తే ఆగదు. దూకడం సులువే, పైకెక్కడానికి గోళ్లకు పట్టు దొరక్క ఈదీ ఈదీ అలిసిపోతుంది. పొరపాటున పడితే దాని వెనక నువ్వు దిగొద్దు, నీకూ ఎక్కడానికి ఉండదు. గట్టు మీదనే, నీళ్లు పారే వైపు దాన్ని పిలుచుకుంటూ నడిచి, మెట్లో రేవో వచ్చిన దగ్గర పైకి రప్పించుకో. అందుకే మెడపట్టీ ఒక్కటే కాకుండా ఎదనూ భుజాలనూ చుట్టే పట్టీ, హార్నెస్ వెయ్యమనేది. పైకి లాగాల్సివస్తే హార్నెస్ పట్టుకుంటే ఒళ్లంతా వస్తుంది, మెడపట్టీ పట్టుకుంటే గొంతు బిగుస్తుంది.

తుంగభద్రలో ఈత కొట్టించాలని ఉంటుంది నీకు. వద్దు. ఆ నదిలో మొసళ్లున్నాయి, ఇసుక తవ్విన గుంతలు పైకి కనబడవు, పైన గేట్లెత్తితే నీళ్లు మనకు చెప్పి రావు. 2009 అక్టోబరు వరద చూసిన ఊరికి ఇది వేరే చెప్పక్కర్లేదు. చలికాలం పొద్దున పొడి ఇసుక మీద, నీళ్ల అంచుకు ఎడంగా, తాడుతో నడిపిస్తే చాలు. ఇసుకలో తవ్వుకోవడమే దానికి పెద్ద ఆట. హంద్రీ నదిలో ఊరున్నంత మేరా మురుగు కలుస్తుంది, అక్కడ మూతి పెట్టనివ్వొద్దు. ఎలుకల ఉచ్చ కలిసిన నిలవ నీళ్లతో లెప్టోస్పైరోసిస్ వస్తుంది, కాలేయం, మూత్రపిండాలు పోతాయి. ఎండాకాలంలో చెరువు అంచున ఆకుపచ్చ పెయింటు ఒలికినట్టు తెట్టె కనబడితే ఆ నీళ్లు ఒక్క గుక్క కూడా తాగనివ్వొద్దు. అందులో గంటల్లో చంపే విషం ఉండొచ్చు.

జగన్నాథగట్టు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులోంచి తరలించిన రూపాల సంగమేశ్వరాలయం అక్కడే ఉంది. గుడి ప్రాంగణంలోకి బ్రూనోను తీసుకుపోవద్దు, భక్తులకు ఇబ్బంది. గట్టు వాలు మీద తిప్పు, రాళ్లకుప్పల్లో మాత్రం మూతి దూర్చనివ్వకు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర మూడూ మన నేలలో ఉండేవే. కాటు పడితే కొయ్యడం, కట్టు బిగించడం, నోటితో పీల్చడం ఏవీ చెయ్యొద్దు. దాన్ని నడిపించకుండా ఎత్తుకొని డాక్టరు దగ్గరికి పరుగెత్తు. మనుషులకిచ్చే విరుగుడు మందే కుక్కకూ ఇస్తారు. అది ఎక్కడ దొరుకుతుందో మీ పశువుల డాక్టరును ఇప్పుడే అడిగి, ఆ నంబరు ఫోన్‌లో పెట్టుకో.

ఓర్వకల్లు రాతివనానికి పోయేటట్టయితే ముందే ఫోన్ చేసి కుక్కను రానిస్తారా అని అడుగు, గేటు దాకా పోయి తిరిగి రావొద్దు. రానిస్తే చలికాలంలో గేటు తీసిన వెంటనే లోపలుండాలి. ఎండెక్కితే ఆ రాళ్లు పెనమే. గార్గేయపురం చెరువు వైపు కూడా చలికాలమే మంచిది, నీళ్ల మీద పక్షులు వాలి ఉంటే దూరం నుంచే తిప్పుకొని రా.

పోకూడని చోట్లూ ఉన్నాయి. నల్లమల పులుల అభయారణ్యంలోకి, రోళ్లపాడుకు కుక్కతో పోవద్దు. రోళ్లపాడు బట్టమేక పిట్ట కోసం పెట్టిన అభయారణ్యం. ఆ పిట్ట నేల మీదే గుడ్డు పెడుతుంది, కుక్క కనబడితే చాలు అది బెదిరిపోవడానికి. అడవి జంతువులకు మన కుక్కల జబ్బులూ అంటుకుంటాయి. 2018లో గిర్ అడవిలో సింహాలు చనిపోయినప్పుడు వాటిలో బయటపడింది కుక్కలకొచ్చే డిస్టెంపర్ వైరసే.

అన్నిటికంటే మంచిది తెలిసినవాళ్ల చేను. బుడ్డలు (వేరుశనగ) పీకేసిన ఎర్రచేను అయితే మరీ మంచిది. రైతును అడిగి పో. మందు కొట్టి ఎన్ని రోజులైంది, ఎలుకలకు మందు పెట్టినారా, పందులకు కరెంటు తీగె లాగినారా, ఈ మూడూ తప్పకుండా అడుగు. కొండ అంచు చేలల్లో పందుల కోసం తిండిలో చుట్టిన నాటుబాంబులు పెట్టేవాళ్లుంటారు. అది నేరమే, కానీ కుక్క కొరికినాక నేరమని తెలిసి లాభం లేదు. అనుమానం ఉన్న చేలోకి అడుగే పెట్టొద్దు. నల్లరేగడి చేలోకి వాన పడిన రెండు మూడు రోజులు పోకు. ఆ బంకమట్టి వేళ్ల సందుల్లో ఉండలు కట్టి, ఆరితే గులకరాళ్లలాగా గట్టిపడి నడవనివ్వదు. గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి తీయాలి, పీకితే బొచ్చూ చర్మమూ ఊడొస్తాయి. ఇంక బ్రూనోకు నీళ్లాట కావాలంటే బోరు తొట్టి ఉంది కదా. కాలువ కంటే, నది కంటే అది వెయ్యిపాళ్లు నయం. ఆట అయినాక చెవులు తుడువు, లాబ్రడార్ వేలాడే చెవుల్లో తడి నిలిస్తే చీము పడుతుంది.

గొర్ల మంద ఎదురొస్తే దారి దిగి పక్కకు జరిగి, తాడు పొట్టిగా పట్టి కూర్చోబెట్టు. ఒక్క గొర్రెను తరిమినా కాపరికి నష్టం, మంద వెంట ఉండే కుక్కలు బ్రూనోను వదలవు. వీధికుక్కలు చుట్టుముడితే పరుగెత్తొద్దు, బ్రూనోను ఎత్తుకోవద్దు. ఎత్తుకుంటే అవి నీ మీదికి ఎగురుతాయి. బ్రూనోను నీ వెనక్కి తిప్పి, వాటి వైపు తిరిగి గొడుగు టపీమని తెరువు. చాలాసార్లు అంతటితో ఆగిపోతాయి. కాటు పడితే, నీకైనా సరే, సబ్బుతో పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి పో. బ్రూనోకు రేబిస్ టీకా ఏడాది దాటనివ్వొద్దు, టీకాల కార్డు సంచిలోనే ఉండాలి.

సంచిలో ఇంకా ఏముండాలంటే, దానికోసం లీటరు నీళ్లు, స్టీలు గిన్నె, పాత టవలు, సన్నమూతి పట్టకారు, దూది, దాని మలం తీయడానికి కవర్లు. కిలో బరువుకు రోజుకు 50 నుంచి 60 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి. బ్రూనో 28 కిలోలన్నావు, అంటే రోజుకు దాదాపు లీటరున్నర, ఎండలో ఇంకా ఎక్కువ. తాడు ఆరడుగులది చాలు. స్ప్రింగుతో సాగే తాడు మన రోడ్ల మీద వద్దు, బండి వచ్చేలోపు వెనక్కి లాగలేవు. చేలో కొంచెం స్వేచ్ఛ ఇవ్వాలంటే తాళ్ల కొట్లో ముప్పై అడుగుల నూలుతాడు తెచ్చి హార్నెస్ వెనక కొక్కేనికి కట్టు. చేతికి చుట్టుకోవద్దు, పట్టుకో అంతే. పేరు పెట్టి పిలిచిన ప్రతిసారీ వస్తుందని నీకు నమ్మకం కుదిరేదాకా, అంటే కొన్ని నెలలు, ఆ తాడు విప్పొద్దు. వచ్చిన ప్రతిసారీ ఉడికిన కోడిమాంసం ముక్క, గోరంత, పెట్టు. ఇంటికి పోయే ముందు ఒక్కసారే పిలిచే అలవాటు చేసుకోకు. పిలుపంటే ఆట అయిపోయిందని దానికి అర్థమైపోతుంది, ఇంక రాదు.

బయల్దేరే ముందు రెండు గంటల లోపు కడుపునిండా పెట్టొద్దు, కార్లో వాంతి చేసుకునే కుక్కయితే మూడు గంటలు. తిరిగొచ్చే దారిలో మనం ఉగ్గాని బజ్జికి ఆగుతాం కదా, అది అడిగినా ఒక్క ముద్ద కూడా పెట్టొద్దు. ఉగ్గానిలో వేసే ఉల్లిగడ్డ కుక్క రక్తాన్ని విరిచేస్తుంది, వండినా అంతే. ద్రాక్ష, కిస్‌మిస్ కూడా మానిపించు. చట్నీ లేని ఇడ్లీ, ఉడికిన గుడ్డు పెట్టొచ్చు. మనం తింటున్నామని దాన్ని కార్లో అద్దాలెత్తి వదిలిపెట్టొద్దు, పది నిమిషాలకే లోపల పది డిగ్రీలు పెరుగుతుంది, అద్దం కొంచెం దించినా పెద్ద తేడా ఉండదు.

ఇల్లు చేరినాక పావుగంట దానికోసం పెట్టుకో. వెల్లకిలా పడుకోబెట్టి ఒక్కో పాదం తీసుకొని, బొటనవేలితో మెత్తల మధ్య మెల్లగా విడదీసి చూడు. పల్లేరుకాయ అక్కడే కూర్చుంటుంది. కాయ ఊడొచ్చినా ముల్లు కొన విరిగి లోపలే ఉండొచ్చు, వేలితో తడిమితే అది చేతికి గరుకుగా తగులుతుంది, లేదా ఆ చోట తాకగానే కాలు వెనక్కి లాక్కుంటుంది. పట్టకారుతో ముల్లు దూరిన దారిలోనే వెనక్కి లాగి, ఉప్పునీళ్లతో కడుగు. మరుసటి రోజు కూడా అదే పాదం నాకుతుంటే ఇంకా ఉన్నట్టే, డాక్టరుకు చూపించు. తల విదిలిస్తుంటే చెవిలో ముల్లుగడ్డి గింజ దూరిందేమో, అది నువ్వు తీయలేవు, లోపలికే పోతుంది, డాక్టరే తీయాలి. తర్వాత గోమార్లు, అంటే ఒంటికి పట్టుకొని రక్తం తాగే పురుగులు. చెవి మడతలు, మెడపట్టీ కింద, చంకలు, తోక మొదలు. పట్టకారును చర్మానికి ఆనించి తల దగ్గర పట్టి తిన్నగా పైకి లాగు. కిరసనాయిలు పొయ్యడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు, అప్పుడు అది కడుపులోదంతా రక్తంలోకి కక్కుతుంది. డాక్టరు బరువు చూసి ఇచ్చే నెల మాత్ర తారీఖు తప్పొద్దు. షికారు పోయొచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరమొచ్చి, తిండి మానేసి, ముక్కులోంచి రక్తం కనబడితే గోమారి జ్వరమే అనుకొని రక్తపరీక్ష చేయించు.

ఈ ఆదివారానికి కాలువ గట్టు చాలు. ఐదున్నరకల్లా అక్కడుండు. మొదటి పావుగంట నువ్వు దారి చూపించొద్దు, తాడు వదులుగా పట్టి అది ఎటు పోతే అటు పో. ఒక పొదను మూడు నిమిషాలు వాసన చూసినా లాగకు.

ఇట్లు,
పెద్దనాయన