దూరపు గెలాక్సీల్లోని గోళాకార తారాగుచ్ఛాల్లో (లక్షల నక్షత్రాలు బంతిలా గుమిగూడిన సమూహాల్లో) నక్షత్రాలు విడిగా కనిపించవు కదా, వాటి వయసు ఎలా చెబుతారు?

దగ్గరి గెలాక్సీల్లో కొన్ని కనిపిస్తాయి. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని ఆండ్రోమెడా గెలాక్సీ గుచ్ఛాల్లో ప్రకాశవంతమైన నక్షత్రాలను హబుల్ టెలిస్కోపు విడివిడిగా చూడగలదు. 5 కోట్ల కాంతి సంవత్సరాలకు పైగా దూరాన ఉన్న ఎం87 గెలాక్సీలో మాత్రం లక్షల నక్షత్రాల గుచ్ఛం కూడా చిన్న చుక్కే. అక్కడ మనకు దక్కేది వాటి ఉమ్మడి వెలుగు.

ముందు రంగు కొలుస్తారు. చిక్కంతా ఇక్కడే ఉంది. వయసు పెరిగినా, లోహాలు ఎక్కువైనా గుచ్ఛం ఎర్రబడుతుంది (ఖగోళ శాస్త్రజ్ఞులకు హీలియం కంటే బరువైన ప్రతి మూలకమూ లోహమే, ఆక్సిజన్‌తో సహా!). రంగు ఒక్కటే చూసి కారణం ఏదో తేల్చలేం. అందుకే వర్ణపటం తీస్తారు, అంటే వెలుగును రంగులుగా విడదీస్తారు. ఒక్కో మూలకం అందులో తన గుర్తుగా సన్నని రేఖలు వదులుతుంది. అందులోని హైడ్రోజన్ రేఖలు ప్రధానంగా వయసును, ఇనుము, మెగ్నీషియం రేఖలు ప్రధానంగా లోహాల మోతాదును పట్టిస్తాయి. ఆ కొలతలను, ఒకే వయసు, ఒకే రసాయన కూర్పు ఉన్న నక్షత్రసమూహాల కంప్యూటర్ నమూనాలతో పోల్చి చూస్తారు.

పెద్ద గెలాక్సీల్లో చాలావాటిలో గుచ్ఛాలు రంగును బట్టి నీలం, ఎరుపు అని రెండు వర్గాలుగా చీలుతాయి. ఎక్కువ లోహాలున్న ఎర్రవి కేంద్రం వైపు గుమిగూడతాయి, నీలివి దూరం వరకు విస్తరిస్తాయి. ఈ తేడాకు ముఖ్య కారణం లోహాలే, ఎందుకంటే రెండు వర్గాల్లోనూ ఎక్కువ భాగం బాగా పాతవే.

వయసు అంకెలను మాత్రం కాస్త అనుమానంతోనే చదవాలి. హీలియం మండించే దశకు చేరిన కొన్ని వృద్ధ నక్షత్రాలు బాగా వేడిగా ఉండి హైడ్రోజన్ రేఖలను బలపరుస్తాయి. పడుచు గుచ్ఛాల్లో ఈ రేఖలు బలంగా ఉంటాయి కాబట్టి, ముసలి గుచ్ఛం పడుచుదిగా కనిపిస్తుంది. పైగా 1000 కోట్ల ఏళ్ల గుచ్ఛానికీ 1200 కోట్ల ఏళ్ల గుచ్ఛానికీ వర్ణపటంలో తేడా చాలా స్వల్పం.