‘తాతి’ అంటే నత్తి కాదు

సందేహం: మా మనవరాలికి మూడేళ్లు నిండలేదు. ‘కాకి’ని ‘తాతి’ అంటుంది, ‘కోతి’ని ‘తోతి’ అంటుంది. నత్తి అని, నాలుక కింద తీగ కోయించాలని చుట్టాలు టెన్షన్ పెడుతున్నారు. దీన్ని నత్తి అనవచ్చా?

సమాధానం: అనకూడదండి. ‘కా... కా... కాకి’ అని అక్షరం దగ్గరే మాట ఆగిపోతే నత్తి. మీ పాప ఎక్కడా ఆగడం లేదు, క ఉన్నచోట త పెడుతోంది, అంతే. జనం రెండిటికీ ఒకే మాట వాడేస్తారు గానీ, ఇవి ముద్దుమాటలు, వచ్చీరాని మాటలు.

మన వర్ణమాల క, చ, ట, త, ప అంటూ గొంతు దగ్గర మొదలై పెదవుల దాకా వస్తుంది. పిల్లలు ఇంచుమించు దాన్ని వెనక నుంచి నేర్చుకుంటారు. పెదవులు కలిపితే చాలు ప, బ, మ పలుకుతాయి. నాలుక కొన పళ్లకు తగిలితే త వస్తుంది. అమ్మ, పాప, తాత ముందు వచ్చేది అందుకే. క అలా కాదు, నాలుక వెనకభాగం లేచి అంగిట్లో ఆనాలి. ఎదుటివాళ్ల నోట్లో అది కనిపించదు కూడా. నాలుక మడిచి పలికే ట కూడా ఆలస్యమే, ‘చెట్టు’ ‘తెత్తు’ అవుతుంది. ర చాలామందికి ఇంకా ఆలస్యం, అందాకా రాముడు ‘లాముదే’.

మరి మూడో నెలలో ‘ఉంగా’ అన్నప్పుడు గ ఎలా వచ్చింది? వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారి దానంతటదే వచ్చిన చప్పుడది. కావాలని మాటలో పలకడం వేరే విద్య.

తీగ పట్టి ఉంచేది నాలుక ముందుభాగాన్ని. ఆ ముందుభాగంతోనే కదా పాప త అంత చక్కగా పలుకుతోంది! క కోసం తీగ కోయించడంలో అర్థం లేదు.

మా అబ్బాయీ చిన్నప్పుడు ‘తాతి’ అనేవాడు. నేనూ ముద్దుకు ‘అదిగో తాతి’ అంటే కోపంగా ‘తాతి కాదు, తాతి!’ అనేవాడు. ‘ఫిష్’ను ‘ఫిస్’ అనే ఇంగ్లీషు పిల్లాడొకడు పెద్దవాళ్లు ‘ఫిస్’ అంటే ఒప్పుకోలేదని 1960లో బెర్కో, బ్రౌన్ అనే పరిశోధకులు రాశారు. చెవికి తేడా తెలుసు, నాలుకకే ఇంకా పట్టు దొరకలేదు. అందుకని మీరు ‘తాతి’ అనకండి, ‘మళ్లీ చెప్పు’ అని వేధించకండి. ‘అవును, కాకి! నల్ల కాకి’ అనండి చాలు.

పిలిస్తే పలకకపోతే మాత్రం ఇప్పుడే చెవి పరీక్ష చేయించండి. నాలుగేళ్లు నిండాక కూడా పాప మాట బయటివాళ్లకు అర్థం కాకపోతే స్పీచ్ థెరపిస్టుకు చూపించండి.