ఇంటి సర్వర్ పెట్టుకుంటానన్న మేనకోడలికి

కోడలా,

నువ్వు అడిగిన రెండు ప్రశ్నల్లో మొదటిదానికి, ఎంత మెషిన్ కావాలన్నదానికి, జవాబు తేలిక. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆ చిన్న కంప్యూటర్ డబ్బా చాలు. ఇంట్లో నలుగురి ఫొటోలు, పట్టాదారు పాస్‌బుక్కుల స్కాన్లు, మీ బాపు దాచుకున్న పాటలు, ఇంతకే అయితే పెద్ద మెషిన్ ఎందుకు? సగటున 10 వాట్లు లాగినా నెలకు 7 యూనిట్ల చిల్లరే అవుతుంది. అసలు ప్రశ్న రెండోది: మామూలు లినక్స్ మీద ఒక్కొక్కటి ఇన్‌స్టాల్ చేసుకుంటూ పోవాలా, కష్టమైనా నిక్స్‌ఓఎస్ అనే లినక్స్ రకం నేర్చుకోవాలా అని. నేర్చుకో.

ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను చూసుకున్నవి సర్వర్లే. పాడైన మెషిన్ నన్ను అంత టెన్షన్ పెట్టలేదు. నడుస్తూనే ఉండి, ఎట్లా నడుస్తుందో ఎవరికీ తెలియని మెషిన్ ఉంటుంది చూడు, దానితోనే భయం. ఎవరో ఎప్పుడో ఒక ఫైలు మార్చి ఉంటారు, ఎందుకు మార్చారో ఎక్కడా రాసి ఉండరు. ఇంటి సర్వర్ కూడా ఏడాది తిరిగేసరికి అట్లనే అవుతుంది. ఇవాళ నువ్వు కొట్టిన కమాండ్లు వచ్చే బతుకమ్మ నాటికి నీకే గుర్తుండవు.

నిక్స్‌ఓఎస్‌లో నువ్వు మెషిన్‌కు పనులు చెప్పవు. మెషిన్ ఎట్లా ఉండాలో ఒక ఫైల్లో రాస్తావు, అది ఆ రూపానికి వస్తుంది. "సర్వీసెస్.ఇమ్మిచ్.ఎనేబుల్ = ట్రూ" అని ఒక్క లైను రాసి రీబిల్డ్ కమాండ్ కొడితే, ఫొటోలు దాచి చూపించే ఇమ్మిచ్ వస్తుంది, దానికి కావలసిన డేటాబేస్‌లు పోస్ట్‌గ్రెస్, రెడిస్ కూడా వెంటే వస్తాయి. ఆ లైను తీసేసి మళ్లీ కొడితే సర్వీసు పోతుంది, ఫొటోల ఫోల్డరు మాత్రం డిస్కు మీద అట్లనే ఉంటుంది. మెషిన్లను సెట్ చేయడానికి వాడే యాన్సిబుల్ అనే ఇంకో పనిముట్టుతో ఇది కుదరదు: అక్కడ లైను తీసేసినంత మాత్రాన మెషిన్‌లో ఉన్నది పోదు, తీసెయ్యమని విడిగా రాయాలి. డాకర్ కంపోజ్ మంచిదే, దానితోనే మొదలుపెట్టినా నేను తప్పు పట్టను. కానీ అది కంటైనర్ల సంగతే, అంటే విడివిడి డబ్బాల్లో నడిచే ప్రోగ్రాముల సంగతే రాసుకుంటుంది. కింద ఉన్న ఆపరేటింగ్ సిస్టం, ఫైర్‌వాల్, యూజర్లు, రాత్రిపూట బ్యాకప్ మళ్లీ నీ జ్ఞాపకం మీదే ఉంటాయి.

ఈ ఆలోచన నిన్నమొన్నటిది కాదు. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ యూనివర్సిటీలో ఈల్కో డోల్‌స్ట్రా 2003లో నిక్స్‌ఓఎస్‌కు పునాది అయిన నిక్స్ మొదలుపెట్టాడు, 2006లో దాని మీదే పీహెచ్‌డీ థీసిస్ ఇచ్చాడు. అయినా నేర్చుకోవడం ఇప్పటికీ సులువు కాదు. ఎర్రర్ వస్తే పేజీల కొద్దీ వస్తుంది, అసలు విషయం చాలాసార్లు అట్టడుగు లైన్లలో ఉంటుంది. కింద నుంచి చదవడం అలవాటు చేసుకో.

ఫైలు ఒక్కటే పెట్టి అన్నీ అందులో కుక్కకు. సర్వీసుకు ఒక ఫైలు: ఫొటోలకు ఒకటి, పాటలకు ఒకటి, బ్యాకప్‌కు ఒకటి. డిస్కుల గుర్తులు, హార్డ్‌వేర్ సంగతులు ఉండే ఫైలు ఇన్‌స్టాల్ అప్పుడే విడిగా తయారవుతుంది, దాన్ని ఆ డబ్బాకే వదిలెయ్యి. రేపు డబ్బా మారితే ఆ ఒక్క ఫైలే మారాలి. అన్నీ గిట్‌లో పెట్టు, ఏ మార్పు ఎప్పుడు చేశావో అది గుర్తుపెట్టుకుంటుంది. ఫ్లేక్ అనే పద్ధతిలో కాన్ఫిగ్ రాస్తే దాని లాక్ ఫైలు కూడా పెట్టు. ఏ వెర్షన్ల మీద కట్టావో అందులో ఉంటుంది కాబట్టి రెండేళ్ల తర్వాత కూడా అవే వస్తాయి. ఇంకొకటి, సిస్టం.స్టేట్‌వెర్షన్ అని ఒక లైను కనిపిస్తుంది. అప్‌గ్రేడ్ చేసినప్పుడల్లా దాన్ని మార్చాలని చేతులు దురద పెడతాయి. మార్చకు, అది మొదటిసారి ఏ వెర్షన్‌తో ఇన్‌స్టాల్ చేశావో చెప్పేది.

రోల్‌బ్యాక్, అంటే పాత స్థితికి వెనక్కి వెళ్లడం గురించి నువ్వు సంబరంగా రాశావు. నిజమే, కొత్త మార్పు బెడిసికొడితే బూట్ మెనూలో పాత జనరేషన్, అంటే ఇంతకుముందు రీబిల్డ్ చేసిన రూపం, ఎంచుకుంటే చాలు, మెషిన్ నిన్నటిలా లేస్తుంది. కానీ వెనక్కి వచ్చేది సాఫ్ట్‌వేర్ ఒక్కటే, డేటా రాదు. ఫైళ్లు దాచుకునే నెక్స్ట్‌క్లౌడ్ లాంటిదాన్ని కొత్త వెర్షన్‌కు తీసుకెళ్తే అది తన డేటాబేస్‌ను మార్చుకుంటుంది. ఆ తర్వాత పాత జనరేషన్‌కు వస్తే, ఆ డేటాబేస్‌తో పాత నెక్స్ట్‌క్లౌడ్ నడవనంటుంది. మన వరంగల్ కొత్తవాడ నేతగాళ్ల దగ్గర డిజైన్ గీసిన కాగితం ఉంటే ఏ మగ్గం మీదైనా అదే జంపఖానా మళ్లీ నేయొచ్చు, కాగితం ఉందని నూలు రాదు కదా. నీ కాన్ఫిగ్ ఆ కాగితం, మీ అమ్మ ఫొటోలు నూలు. అప్‌గ్రేడ్‌కు ముందు బ్యాకప్ తప్పదు.

బ్యాకప్‌కు రెస్టిక్ అనే ప్రోగ్రాం వాడు, దాన్ని కాన్ఫిగ్‌లోంచే పెట్టుకునేలా నిక్స్‌ఓఎస్‌లో మాడ్యూల్ ఉంది. నడుస్తున్న పోస్ట్‌గ్రెస్ ఫోల్డరును ఉన్నదున్నట్టు కాపీ కొట్టి బ్యాకప్ అయిందనుకోకు. ముందు డంప్ తీయాలి, అంటే డేటాబేస్‌తోనే ఒక పూర్తి కాపీ ఫైలు రాయించాలి, దాన్ని రెస్టిక్ పట్టుకెళ్లాలి. ఒక కాపీ ఇంట్లో ఇంకో డిస్కులో, ఒకటి హనుమకొండలో మా ఇంట్లో పెట్టు. డిస్కు నువ్వు తెస్తే చాలు, మిగతాది నేను చూసుకుంటా.

పాస్‌వర్డ్‌ల దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. కాన్ఫిగ్‌లో నేరుగా పాస్‌వర్డ్ రాస్తే అది నిక్స్ అన్నీ పెట్టే నిక్స్ స్టోర్ ఫోల్డరులోకి వెళ్తుంది, ఆ మెషిన్ మీద ఉన్న ఏ యూజరైనా దాన్ని చదవొచ్చు. రహస్యాలు దాచే సాప్స్-నిక్స్ గానీ ఏజ్‌నిక్స్ గానీ పెట్టుకో. పాస్‌వర్డ్ ఎన్‌క్రిప్ట్ అయ్యి గిట్‌లో ఉంటుంది, మెషిన్ తన కీతో విప్పుకుంటుంది. చాలామంది ఇక్కడిదాకా చేసి ఆగిపోతారు. ఆ కీ ఆ డబ్బాలోనే ఉండి, డబ్బా కాలిపోతే, ఎన్‌క్రిప్ట్ చేసినవన్నీ నీకు కూడా తెరుచుకోవు. అందుకే నీకంటూ రెండో కీ చేసి, దానితో కూడా విప్పుకునేలా పెట్టు. ఆ కీని, రెస్టిక్ పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి పాస్‌బుక్కులు పెట్టే బీరువాలో పెట్టు. రెస్టిక్ పాస్‌వర్డ్ పోతే బ్యాకప్ ఉన్నా లేనట్టే.

ఇంటి బయటి నుంచి సర్వర్‌ను చూడాలంటే రౌటర్‌లో పోర్టులు (బయటివాళ్లు లోపలికి వచ్చే దారులు) తెరవకు. చాలా ఇంటి కనెక్షన్లలో ఒకే పబ్లిక్ ఐపీని ఎందరో పంచుకుంటారు కాబట్టి తెరిచినా పని చేయకపోవచ్చు. నీ పరికరాలను మాత్రమే ప్రైవేటుగా కలిపే టెయిల్‌స్కేల్ ఒక లైనుతో వస్తుంది, మీ అమ్మ ఫోన్లో యాప్ వేసి లాగిన్ చేయించు.

కరెంటు సంగతి నీకు తెలిసిందే, ఎండాకాలం గాలిదుమారం లేస్తే చాలు పోతుంది. ఇన్వర్టర్ ఉంది కదా అనుకోకు, అది మారే ఆ క్షణంలో డబ్బా రీస్టార్ట్ కావచ్చు. చిన్న యూపీఎస్ పెట్టి రౌటర్‌ను కూడా దానికే కలుపు. కరెంటు రాగానే దానంతట అదే ఆన్ అయ్యే సెట్టింగు, డబ్బా ఆన్ కాగానే తెరిచే బయోస్ మెనూలో ఉంటుంది.

మీ అమ్మ ఫోన్లోంచి ఫొటోలు తీసేసే ముందు ఒక పని చెయ్యి. అదే కాన్ఫిగ్‌తో నీ ల్యాప్‌టాప్ మీద వర్చువల్ మెషిన్, అంటే కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ లేపొచ్చు. అట్లా ఖాళీ మెషిన్ లేపి, బ్యాకప్‌లోంచి రీస్టోర్ చేసి, ఇమ్మిచ్‌లో మీ తాత ఫొటో తెరిచి చూడు. తెరుచుకుంటే నాకు ఫోన్ చెయ్యి. తెరుచుకోకపోతే ఏ లైను దగ్గర ఆగిందో రాసి పంపు, ఇద్దరం కూర్చుని చూద్దాం. ఒక్క ఫొటో కూడా అప్పటిదాకా ఫోన్లోంచి తీసెయ్యొద్దు.

మీ అత్తమ్మ