కష్టంలో ప్రార్థన నోటికి రాకపోతే ఏం చదవాలి?

బైబిల్లోని 13వ కీర్తనతో మొదలుపెట్టండి. ఆరే వచనాలు. మొదటి రెండింటిలో దావీదు దేవుణ్ణి నాలుగుసార్లు నిలదీస్తాడు, ఇంకా ఎన్నాళ్లని. తర్వాతి రెండూ విన్నపం. 5వ వచనానికి గానీ నమ్మకం మాట రాదు. చాలామంది పొరపడేది ఇక్కడే: ఫిర్యాదు చేస్తే అవిశ్వాసమేమోనని భయపడి నేరుగా స్తుతికి వెళ్లిపోతారు, అది పెదవుల మీదే ఉండిపోతుంది. పైకి చదవండి. 2వ వచనం దగ్గర ఆగి మీ బాధేమిటో విడమరిచి చెప్పండి, ఆసుపత్రి బిల్లయినా సరే.

స్తుతి అసలే రాని రోజుకు 88వ కీర్తన ఉంది. చివరి వచనంలోనూ చీకటే.

పరామర్శకు వచ్చి "నీకు విశ్వాసం చాల్లేదు" అనేవాళ్లను పట్టించుకోకండి. బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు కూడా నోరెత్తకుండా కూర్చున్న ఏడు రోజులే బాగున్నారు, నోరు విప్పాక అతణ్నే తప్పుబట్టారు.