ఊళ్లో ఆరోగ్య శిక్షణ ఇస్తే అలవాట్లు నిజంగా మారతాయా?

దేవరకద్ర వైపు పల్లెలో మహిళా సంఘాలకు శిక్షణ పెడితే ఫలితం ఉంటుందా అని అడిగారు. ఉంటుంది, కానీ ఉపన్యాసాలతో కాదు. "ఉప్పు తగ్గించండి" అంటే ఎవరికీ ఎక్కదు. మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు అంటే, నలుగురున్న ఇంట్లో కిలో ప్యాకెట్ పచ్చళ్లతో కలిపి 50 రోజులైనా రావాలి. మీ ఇంట్లో ఎన్నాళ్లు వస్తోందని అడిగి చూడండి, వాళ్లే లెక్క కడతారు.

మనసు సంగతి ఇంకా ముఖ్యం. భర్త వలస పోయి, అప్పుల టెన్షన్‌తో నలిగే ఆమె "డిప్రెషన్" అని చెప్పదు. నిద్ర పట్టట్లేదు, ఒళ్లు నొప్పులు అంటుంది. 30 ఏళ్లు దాటినవాళ్లకు ఆశా కార్యకర్తలు నింపే ఫారంలో రెండు ప్రశ్నలున్నాయి: గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి తగ్గిందా? దిగులుగా, ఆశ లేనట్టు ఉంటోందా? ఎంత తరచుగా అలా ఉంటోందో బట్టి ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. మొత్తం 3 దాటితే దవాఖానాకు పంపాలి. ఈ ప్రశ్నలు పక్కన అత్త లేనప్పుడే అడగాలని శిక్షణలో గట్టిగా చెప్పాలి. 14416కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు, ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు.

పాలమూరులో ఒక జాగ్రత్త తప్పనిసరి. ఆల్ప్రాజోలం అనే మత్తు మందు కలిపిన కల్తీ కల్లుకు అలవాటు పడ్డవాళ్లను ఒక్కసారిగా మానేయమనకండి. ఫిట్స్ రావచ్చు, మతి తప్పి మాట్లాడవచ్చు. ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.