నల్లాలో మురుగు వచ్చిందంటే చాలదు, ఎక్కడ కలిసిందో చూపాలి

ప్రశ్న: హైదరాబాద్‌లో మూసీ పక్కన ఒక బస్తీలో నోటరీ కాగితాల మీద కొన్న ఇంట్లో ఉంటున్నాం, పట్టా లేదు. నల్లా కనెక్షన్ మాత్రం మా పేరు మీదే ఉంది. 14 నెలల కిందట నల్లాలో మురుగు వాసన వచ్చింది. నెల తిరక్కుండా మా పాపకు కామెర్లయ్యాయి. ప్రైవేటు ఆసుపత్రిలో 1,60,000 రూపాయలు ఖర్చయింది, పుస్తెలతాడు కుదువబెట్టాం. మా వరసలో ఇంకో ముగ్గురు పిల్లలకు కూడా వచ్చింది. తర్వాత జలమండలి బోర్డు వాళ్లు గల్లీ తవ్వి పైపు మార్చారు. మా ఆయన ఫోన్‌లో చాలాసార్లు ఫిర్యాదు చేశారు, కాగితం లేదు. పాత తేదీతో ఫిర్యాదు రాయించి ముద్ర కొట్టిస్తానని తెలిసినాయన అంటున్నాడు. ప్రెషర్ లేక అందరిలాగే మేమూ నల్లాకు మోటార్ పెట్టాం. ఆసుపత్రి కాగితాలు కొన్ని పోయాయి. గల్లీ చివర మ్యాన్‌హోల్ ఇప్పటికీ పొంగుతోంది, చందా వేసుకుని మనిషిని దింపుదామంటున్నారు. పది లక్షలు పరిహారం అడగొచ్చా? పట్టా లేనివాళ్లకు అడిగే హక్కు ఉందా? - ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఎక్కువ భాగం పుస్తెలతాడు గురించి, పట్టా గురించి రాశారు. ఈ కేసు నిలబడేదీ పడిపోయేదీ వాటి మీద కాదు. మీరు ఒక్క లైనులో రాసి వదిలేసిన మాట మీద: ‘మా వరసలో ఇంకో ముగ్గురు పిల్లలకు కూడా వచ్చింది.’

ఎందుకో చెప్తాను. ఇరుకు గల్లీల్లో బోర్డు వేసిన మెయిన్ పైపు నుంచి ఇంటికొచ్చే సన్న ఇనుప పైపు చాలాచోట్ల మోరీలోంచే పోతుంది. జాయింటు దగ్గర తుప్పు పట్టి చిల్లు పడితే, నల్లా వచ్చినప్పుడు అందులోంచి నీళ్లు బయటికి చిమ్ముతాయి. నల్లా ఆగిపోయాక పైపులో ఒత్తిడి ఉండదు, అదే చిల్లులోంచి మోరీ నీళ్లు లోపలికి దిగుతాయి. మళ్లీ నల్లా వదిలినప్పుడు ముందుగా పచ్చగా, వాసనతో పడేవి ఆ నీళ్లే. చిల్లు మెయిన్‌లో ఉంటే జలమండలి బాధ్యత తప్పించుకోలేదు. మీ ఇంటి సర్వీస్ పైపులో ఉంటే ‘అది మీరు వేయించుకున్నది, మీరే చూసుకోవాలి’ అంటారు. ఒక్క మీ ఇంట్లోనే జబ్బు వచ్చి ఉంటే ఆ వాదనకు జవాబు చెప్పడం కష్టమయ్యేది. నాలుగిళ్ల పిల్లలకు ఒకేసారి వచ్చింది, తర్వాత గల్లీ తవ్వి పైపు మార్చారు. ఈ రెండూ కలిస్తే తప్పు మెయిన్‌లో ఉందని గట్టిగా చెప్పొచ్చు. 2009 మేలో భోలక్‌పూర్‌లో కలుషిత నీటితో కలరా వచ్చి మనుషులు చనిపోయారు. అలా బస్తీ మొత్తం ఒకేసారి పడకేస్తే తప్పును ఏదో ఒక ఇంటి పైపు మీదికి నెట్టడం ఎవరి తరం కాదు.

కాబట్టి ముందు ఆ మూడిళ్లకు వెళ్లండి. పిల్లల ఆసుపత్రి కాగితాలు, నల్లా బిల్లు మీదుండే క్యాన్ నంబరు, నీళ్లు ఎప్పటినుంచి వాసన వచ్చాయో వాళ్ల మాటల్లో రాసి సంతకం, ఇవన్నీ సేకరించండి. డిశ్చార్జి సమ్మరీలో ఏ రకం కామెర్లో ఉంటుంది. హెపటైటిస్ ఏ, ఇ కలుషితమైన నీళ్లు, తిండి వల్ల వస్తాయి. బి, సి నీళ్లతో రావు. రిపోర్టులో బి అని ఉంటే మీ కేసు అక్కడితో అయిపోయినట్టే. ఇంకో సంగతి, హెపటైటిస్ ఏ నీళ్లు తాగిన మర్నాడు బయటపడదు, రెండు నుంచి ఏడు వారాలు పడుతుంది. పాప ఆసుపత్రిలో చేరిన తేదీకి ముందు రెండు నెలల్లో ఏం జరిగిందన్నదే మనకు కావాలి.

ఇక మోటార్. నల్లాకు నేరుగా మోటార్ బిగించడమంటే మోరీ నీళ్లను మీ చేత్తో మీరే పైపులోకి లాక్కోవడం. పక్కింటి వాళ్ల నీళ్లూ పాడవుతాయి. ‘అందరిలాగే’ అని రాశారు, అందరూ చేసినా తప్పు తప్పే. దీనికి 5,000 జరిమానా వేసి మోటార్ తీసుకెళ్తున్నారు. అంతకంటే పెద్ద నష్టం కేసులో జరుగుతుంది. బోర్డు లాయరు ముందుగా పట్టుకునేది ఈ మోటార్‌నే. ఈరోజే తీసేయండి. మోటార్ పెట్టింది జబ్బుకు ముందా తర్వాతా అన్నది మీ లాయరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. దాచి, తర్వాత అవతలి లాయరు అడిగే ప్రశ్నల్లో బయటపడితే మీ మిగతా మాటలు కూడా ఎవరూ నమ్మరు.

పాత తేదీ ఫిర్యాదు జోలికి అస్సలు పోవద్దు. విచారణ కోసం దొంగ సాక్ష్యం సృష్టించడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద నేరం, ఏడేళ్ల వరకు జైలు. ఆఫీసుకు వచ్చిన కాగితాలు రాసుకునే ఇన్‌వర్డ్ రిజిస్టరు తెప్పిస్తే పది నిమిషాల్లో దొరికిపోతారు. ముద్ర కొట్టించిన పెద్దమనిషి అప్పుడు కనబడడు, బోనులో నిలబడేది మీరే. పైగా ఆ దొంగ కాగితంతో మీకు పనే లేదు. మీ ఆయన జలమండలి ఫిర్యాదుల నంబరు 155313కి చేసి ఉంటే బోర్డు కంప్యూటర్‌లో ఎంట్రీ ఉంటుంది, ఫోన్‌లో టోకెన్ మెసేజ్ కూడా వచ్చి ఉండొచ్చు. ఆ పాత ఫోన్ ఎక్కడుందో వెతకండి, ఎవరికీ అమ్మకండి. సమాచార హక్కు కింద పది రూపాయలతో జలమండలికి దరఖాస్తు పెట్టండి. ఆ నెలల్లో మీ గల్లీ నుంచి వచ్చిన కలుషిత నీటి ఫిర్యాదుల జాబితా, క్లోరిన్ పరీక్షల రికార్డు, పైపు మార్చిన పని ఆర్డరు, దాని అంచనా నోటు అడగండి. పైపు ఎందుకు మారుస్తున్నారో ఆ నోటులో ఇంజినీరు రాయాలి. ‘మురుగు కలుస్తున్నందున’ అని ఒక్క మాట ఉంటే అది మీ తరఫు సాక్షులందరి కంటే బలమైన సాక్ష్యం. జవాబుకు గడువు 30 రోజులు.

ఆసుపత్రి కాగితాలు పోగొట్టుకోవడం మాత్రం అజాగ్రత్తే. లక్షన్నర పోసిన బిల్లులను ఇంట్లో ఏ డబ్బాలో పెట్టామో గుర్తులేకపోతే ఎలా? ఇన్‌పేషెంట్ రికార్డులను డాక్టర్లు మూడేళ్లు ఉంచాలి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి అని వైద్య మండలి 2002 నిబంధనలు చెప్తున్నాయి. రాతపూర్వకంగా అడిగి, రసీదు తీసుకోండి.

గడువు మాటకొస్తే, మూడేళ్లు టైముందని మీకెవరో చెప్పి ఉంటారు. చట్టం ప్రకారం చేయాల్సిన పని చేయలేదని పరిహారం కోరే సివిల్ దావాకు కాలపరిమితి చట్టం ఆర్టికల్ 72 ఇచ్చేది ఒక్క ఏడాది. అది దాటిపోయింది. వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లు, ఇంకా పది నెలలుంది. కానీ మీది నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం కింద సున్నా బిల్లయితే ‘డబ్బు కట్టని వాళ్లు వినియోగదారులు కారు’ అని అడ్డుపడతారు. కొందరు డబ్బు కట్టి, కొందరు ఉచితంగా సేవ పొందే చోట ఉచితంగా పొందేవాళ్లూ వినియోగదారులేనని 1995లో ఆసుపత్రుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి వాదించొచ్చు. ఆ ఒక్క వాదనకే ఏళ్లు గడిచిపోతాయి.

మీకు సరిపోయే దారి శాశ్వత లోక్ అదాలత్. నీటి సరఫరా, పారిశుద్ధ్యం రెండూ దాని పరిధిలోకి వస్తాయి. కోటి రూపాయల దాకా వింటుంది, కోర్టు ఫీజు లేదు. రాజీ కుదరకపోతే తనే తీర్పు ఇస్తుంది, ఆ తీర్పు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. అప్పీలు లేదు, హైకోర్టులో రిట్ వేయడం ఒక్కటే మిగులుతుంది. అందుకే అన్ని కాగితాలతో వెళ్లాలి. ముందే ఏదైనా కోర్టులో కేసు వేస్తే ఈ తలుపు మూసుకుపోతుంది. మీరు మహిళ కాబట్టి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత లాయరును ఇస్తారు, సిటీ సివిల్ కోర్టు న్యాయ సేవాధికార సంస్థలో అడగండి. వినియోగదారుల కమిషన్‌కు చెప్పిన ఆ రెండేళ్ల గడువు లోపలే వేయండి. పది లక్షలు రాయడం తేలికే, ఇప్పించేది బిల్లులే. ఖర్చు, వడ్డీ రసీదులు, పోయిన కూలి, పాప చదువు ఆగిన రోజులు లెక్కగట్టి, బాధకు కొంత కలిపి అడగండి.

పట్టా గురించి టెన్షన్ వద్దు. కనెక్షన్ ఇచ్చి నీళ్లు పంపినవాళ్లు మంచి నీళ్లే పంపాలి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల కేసులో తాగునీరు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు చెప్పింది. అక్రమ బస్తీ అన్న సాకుతో నీళ్లు కాదనకూడదని 2014లో బొంబాయి హైకోర్టు చెప్పింది.

మ్యాన్‌హోల్‌లోకి ఎవరినీ దింపకండి. విషవాయువుకు మనిషి నిమిషాల్లో పోతాడు. దింపించినవాళ్లకు, మనుషుల చేత మురుగు తీయించడాన్ని నిషేధించే 2013 చట్టం కింద రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, చందా వసూలు చేసినవాళ్లతో సహా. 155313కి చేసి మురుగు తీసే ఎయిర్‌టెక్ మిషన్ అడగండి, టోకెన్ నంబరు రాసుకోండి. వారంలో కదలకపోతే ప్రజలకు ఇబ్బంది కలిగించేదాన్ని తొలగించమని ఆదేశించే బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) సెక్షన్ 152 కింద ఆర్డీఓకు అర్జీ ఇవ్వండి. నిధుల్లేవన్న జవాబు చెల్లదని 1980లోనే రత్లాం మున్సిపాలిటీ కేసులో తేలిపోయింది.

నీళ్లు ఇప్పటికీ వాసన వస్తుంటే నారాయణగూడలోని ప్రభుత్వ ల్యాబ్ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) పరీక్ష చేయించండి. కూల్‌డ్రింక్ సీసాలో పట్టుకెళ్తే ఆ రిపోర్టు చెల్లదు. వాళ్లిచ్చే శుభ్రమైన సీసాలో, సంపు నుంచి కాకుండా నేరుగా నల్లా నుంచి, వీలైతే లైన్‌మన్ ఎదుటే పట్టి, ఐసులో పెట్టి అదే రోజు ఇవ్వండి. 100 మిల్లీలీటర్లలో ఇ.కోలి ఒక్కటి కూడా ఉండకూడదన్నది ప్రమాణం. రిపోర్టు ఒరిజినల్ మీ దగ్గరే ఉంచుకుని, అర్జీలకు జిరాక్సులే జతచేయండి.